వృద్ధాశ్రమానికి మార్కులు వేసేదెవరు?

1853లో లూయిసా ట్వైనింగ్ అనే మహిళ తనకు తెలిసిన ఒక ముసలి ఆయాను చూడటానికి లండన్‌లోని స్ట్రాండ్ వర్క్‌హౌస్ అనే పేదల శరణాలయానికి వెళ్ళింది. తేయాకు వ్యాపారంలో పేరున్న ట్వైనింగ్స్ ఇంటి ఆడపడుచు ఆమె. లోపలున్న మిగతా ముసలివాళ్ళను కూడా ఎవరైనా అప్పుడప్పుడూ వచ్చి పలకరిస్తే బాగుంటుంది కదా అని అడిగితే అధికారులు ససేమిరా అన్నారు. ఆమె వదల్లేదు. పట్టుబట్టి 1858లో వర్క్‌హౌస్ విజిటింగ్ సొసైటీని స్థాపించింది. బయటి మనిషి లోపలికి వెళ్ళి చూసి రావడానికే ఐదేళ్ళు పోరాడాల్సి వచ్చిందన్నమాట. వృద్ధుల సంరక్షణ ఎలా ఉందో తేల్చడమనే పని ఇంగ్లండులో ఇలా మొదలైంది.

అధికారుల బెట్టుకు కారణం లేకపోలేదు. 1834 నాటి పేదల చట్టం ప్రకారం వర్క్‌హౌస్‌లో బతుకు బయట అతి పేద కూలీ బతుకు కంటే అధ్వానంగా ఉండాలి. లేకపోతే సోమరులంతా వచ్చి చేరతారని ఏలినవారి భయం. కాబట్టి మగవాళ్ళను ఒక వైపు, ఆడవాళ్ళను మరో వైపు ఉంచేవారు. నలభై ఏళ్ళు కాపురం చేసిన జంటనైనా విడదీసేవారు. సేవ నాసిరకంగా ఉండటమే చట్టం ఉద్దేశమైతే, ఇక నాణ్యత గురించి అడిగే నాథుడెవరు?

అడిగినవాళ్ళు వైద్యులు. 1864లో హాల్బర్న్ వర్క్‌హౌస్ ఆసుపత్రి గదిలో ఒక ఐరిష్ కూలీ మంచం పట్టి, ఒళ్ళంతా పుళ్ళు పడి, ఆ తర్వాత చనిపోయాడు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. మరుసటి ఏడాది లాన్సెట్ వైద్య పత్రిక సొంతంగా విచారణ సంఘాన్ని వేసి, ముగ్గురు వైద్యులను లండన్ వర్క్‌హౌస్‌ల మీదికి పంపింది. వాళ్ళు గది కొలతలు తీసి, ఒక్కో పడకకు ఎన్ని ఘనపుటడుగుల గాలి దక్కుతోందో లెక్కగట్టారు. రోగులకు సేవ చేస్తున్నది శిక్షణ పొందిన నర్సులు కాదనీ, అక్కడే తలదాచుకున్న ముసలి పేదరాళ్ళనీ రాశారు. 1867లో రాజధాని పేదల చట్టం వచ్చిందంటే ఆ నివేదికల చలవే. గాలి, వెలుతురు, పడకల మధ్య దూరం వంటివి కొలవడం తేలిక, వాదించడానికి తావుండదు. అందుకే ఆ తర్వాత వందేళ్ళ పాటు తనిఖీ అంటే గోడల్ని కొలవడమే అయింది.

1948 జూలై 5న నేషనల్ అసిస్టెన్స్ చట్టం అమల్లోకి వచ్చి పేదల చట్టాన్ని రద్దు చేసింది. పాతిక ముప్ఫై మంది ఉండే చిన్న ఇళ్ళు కడతామనీ, అక్కడి పెద్దలు హోటల్‌లో దిగిన అతిథుల్లా ఉంటారనీ మంత్రి అన్యూరిన్ బెవన్ ఆశ పెట్టాడు. మాట గొప్పదే. కానీ యుద్ధంలో నలిగిన దేశం దగ్గర ఇటుకలూ లేవు, డబ్బూ లేదు. పాత వర్క్‌హౌస్‌లకే బోర్డులు మార్చారు.

పదేళ్ళ తర్వాత ఆ బోర్డుల వెనక ఏముందో చూసినవాడు పీటర్ టౌన్‌సెండ్. అప్పటికి ముప్ఫై ఏళ్ళ సామాజిక శాస్త్రవేత్త. 1958, 59 సంవత్సరాల్లో ఇంగ్లండు, వేల్సులలో 173 వృద్ధాశ్రమాలకు వెళ్ళాడు. ఒక పాత వర్క్‌హౌస్‌లో కొన్నాళ్ళు సహాయకుడిగా పనిచేసి ముసలివాళ్ళకు స్నానాలు చేయించాడు. కెమెరా పట్టుకుని బొమ్మలు తీశాడు. వార్డెన్లతో పాటు కొత్తగా చేరిన పెద్దలనూ కూర్చోబెట్టి మాట్లాడించాడు. 1962లో వచ్చిన ఆయన పుస్తకం 'ది లాస్ట్ రెఫ్యూజ్'లో ఆశ్రమాల నాణ్యతకు మార్కులు వేసే పట్టిక ఒకటి ఉంది. అందులో స్నానాల గదులు, సిబ్బంది సంఖ్యతో పాటు రోజువారీ స్వేచ్ఛకూ చోటు దొరికింది. పెద్దలకు పొద్దు గడపడానికి పనేమైనా ఉందా, మనుషులతో రాకపోకలు ఉన్నాయా అన్నవి కూడా లెక్కలోకి వచ్చాయి. ఇవన్నీ కలిపి చూశాక ఇలాంటి సామూహిక నివాసాలనే క్రమంగా ఎత్తేసి, పెద్దలను సొంత ఇళ్ళలో బతకనివ్వాలని ఆయన తేల్చాడు. ఆ సలహాను ఏ ప్రభుత్వమూ తలకెత్తుకోలేదు. మార్కుల పట్టికను మాత్రం తర్వాతి వాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకున్నారు.

1980ల్లో కథ మలుపు తిరిగింది. ప్రైవేటు ఆశ్రమంలో చేరిన పేద వృద్ధుల ఖర్చును సామాజిక భద్రతా నిధి నుంచి చెల్లించడంతో ఊరూరా ఆశ్రమాలు వెలిశాయి. 1979లో కోటి పౌండ్లున్న ఆ ఖర్చు పదేళ్ళలో వంద కోట్ల పౌండ్లు దాటింది. సముద్ర తీరంలో బేరాలు తగ్గిన లాడ్జీలు కూడా వృద్ధాశ్రమాలయ్యాయి. 1984లో రిజిస్టర్డ్ హోమ్స్ చట్టమూ, 'హోమ్ లైఫ్' అనే ఆచరణ నియమావళీ వచ్చాయి. తప్పంతా ప్రైవేటుదే అనుకోవడానికి వీల్లేకుండా 1987లో లండన్ సదర్క్ కౌన్సిల్ నడిపే ఆశ్రమంలోనే వృద్ధులను హింసించారని విచారణ తేల్చింది. ఆ ఆశ్రమానికి పెట్టుకున్న పేరు నై బెవన్ లాడ్జ్, అతిథి మర్యాదల గురించి మాట్లాడిన ఆ మంత్రి పేరే.

ఇదే కాలంలో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టామ్ కిట్‌వుడ్ అనే మనస్తత్వవేత్త అసలైన చిక్కును పట్టుకున్నాడు. మతిమరుపు ముదిరి, మాట కూడా సరిగా రాని పెద్దావిడను 'ఇక్కడ మీకు బాగుందా?' అని అడిగితే ఏం లాభం? ఆమె చెప్పలేదు కాబట్టి ఆమె తరఫున సిబ్బందే చెబుతారు. దీనికి కిట్‌వుడ్, కాథ్లీన్ బ్రెడిన్ కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. పరిశీలకుడు హాల్లో ఒక మూల గంటల తరబడి కూర్చుంటాడు. కొద్దిమంది పెద్దలను ఎంచుకుని ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి వాళ్ళేం చేస్తున్నారో, ముఖంలో ఏ భావం ఉందో రాసుకుంటాడు. హుషారుగా ఉంటే ప్లస్, దిగులుగా ముడుచుకుపోతే మైనస్. అంతకన్నా ముఖ్యంగా సిబ్బంది చేసే చిన్న చిన్న అవమానాలను నమోదు చేస్తాడు. చెప్పకుండానే వెనక నుంచి చక్రాల కుర్చీ తోసెయ్యడం, మనిషి ఎదురుగా ఉండగానే ఆమె గురించి ఆమె తల మీదుగా మాట్లాడుకోవడం, చంటిపిల్లకు చెప్పినట్టు ముద్దు మాటలు పలకడం వంటివి. ఇవేవీ దుర్మార్గులు చేసే పనులు కావనీ, మంచివాళ్ళే తొందరలో, అలవాటులో చేస్తారనీ కిట్‌వుడ్ గట్టిగా చెప్పాడు. ఆయన 1998లో పోయాడు. తర్వాత బ్రాడ్‌ఫర్డ్ బృందం సాయంతో ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆ పద్ధతికి ఒక పొట్టి రూపం చేసుకుని తన ఇన్‌స్పెక్టర్ల చేతికిచ్చింది. నూట యాభై ఏళ్ళ ఈ చరిత్రలో ఇంతకన్నా తెలివైన పనిముట్టు మరొకటి కనిపించదు. ఫైలు తిరగేస్తే తెలియనిది కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది.

ఫైళ్ళు మాత్రం తగ్గలేదు. 2000 నాటి కేర్ స్టాండర్డ్స్ చట్టం కింద వృద్ధాశ్రమాలకు 38 కనీస ప్రమాణాలు పెట్టారు. కొత్తగా కట్టే గది కనీసం 12 చదరపు మీటర్లుండాలన్న నియమం వాటిలో ఒకటి. వాటిని చూసే సంస్థలు మాత్రం నిలవలేదు. 2002లో పని మొదలుపెట్టిన సంస్థ 2004లో పోయి మరొకటి వచ్చింది, అదీ 2009లో పోయి కేర్ క్వాలిటీ కమిషన్ వచ్చింది. 2008లో హోటళ్ళకిచ్చినట్టు నక్షత్రాలిచ్చారు, 2010లో తీసేశారు.

ఆ గందరగోళానికి ఖరీదు చెల్లించింది పెద్దలే. వెస్ట్ ససెక్స్‌లోని ఆర్కిడ్ వ్యూ ఆశ్రమానికి 2010లో 'మంచిది' అన్న యోగ్యతాపత్రం దక్కింది. 2011 అక్టోబరులో అది మూతపడింది. అక్కడి ఐదు మరణాలకు నిర్లక్ష్యం కూడా కారణమైందని 2013లో మరణ విచారణాధికారి తేల్చారు. దాన్ని నడిపిన సదరన్ క్రాస్ కంపెనీ అప్పటికే కుప్పకూలింది. దాని చేతిలో ఉన్న దాదాపు 750 ఆశ్రమాలు, 31 వేల మంది వృద్ధులు చేతులు మారారు. 2011లోనే బ్రిస్టల్ దగ్గర మేధో వైకల్యం ఉన్నవారి ప్రైవేటు ఆసుపత్రి వింటర్‌బోర్న్ వ్యూలో జరుగుతున్న హింసను ఒక టీవీ విలేకరి ఉద్యోగిగా చేరి రహస్య కెమెరాతో బయటపెట్టాడు. అక్కడి నర్సు ఒకరు అంతకుముందే కమిషన్‌కు ఫిర్యాదు చేసినా పట్టించుకోలేదని తర్వాత తెలిసింది.

2014 అక్టోబరు నుంచి కమిషన్ ఐదు ప్రశ్నలు పెట్టుకుంది. ఆశ్రమం సురక్షితమేనా, సేవ ఫలితమిస్తోందా, మనసు పెట్టి చూస్తున్నారా, మనిషి అవసరానికి తగ్గట్టు మలుచుకుంటున్నారా, నడిపించేవాళ్ళు సమర్థులేనా? జవాబును బట్టి అత్యుత్తమం, మంచిది, మెరుగుపడాలి, పనికిరాదు అని నాలుగు శ్రేణులు. 2015 ఏప్రిల్ నుంచి ఆ శ్రేణిని గుమ్మం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలన్నారు. నాటి ముఖ్య ఇన్‌స్పెక్టర్ ఆండ్రియా సట్‌క్లిఫ్ తన సిబ్బందికి ఒక తేలిక పరీక్ష చెప్పారు: మా అమ్మను ఇక్కడ చేర్చగలనా?

మంచి పరీక్షే, కానీ పరీక్షకులు రావాలి కదా. కోవిడ్ మొదలైన 2020 మార్చిలో ఆగిన మామూలు తనిఖీలు మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. పెనీ డాష్ 2024లో ఇచ్చిన సమీక్ష ప్రకారం కమిషన్ తనిఖీలు 2019-20లో దాదాపు 16 వేలుంటే 2023-24లో 7 వేలకు పడిపోయాయి. అది చూడాల్సిన స్థలాల్లో ఐదింట ఒకదానికి ఎన్నడూ శ్రేణే రాలేదు. గుమ్మం మీద బంగారు అక్షరాలతో 'మంచిది' అని ఉన్నా, అది ఏ సంవత్సరం నాటిదో చూడకపోతే మోసపోయినట్టే. సంస్థ తన పని తాను చేసే స్థితిలో లేదని ఆరోగ్య మంత్రి వెస్ స్ట్రీటింగ్ బాహాటంగానే అన్నాడు.

ఈ ఆశ్రమాల్లో మన తెలుగు పిల్లలూ పనిచేస్తున్నారు. చదువుకోవడానికి వెళ్ళి వారంలో కొన్ని గంటలు చేసేవాళ్ళు కొందరు, 2022 ఫిబ్రవరి నుంచి సంరక్షణ సిబ్బందికి తెరిచిన వీసా మీద వెళ్ళినవాళ్ళు మరికొందరు. 2025 జూలైలో ఆ వీసాకు విదేశాల నుంచి కొత్త నియామకాలు ఆపేశారు. సిబ్బంది చాలని చోట ఏ కొలమానమైనా ఎంతవరకు పనికొస్తుందో వాళ్ళను అడిగితే ఇన్‌స్పెక్టర్ల కంటే బాగా చెప్పగలరు.

ఇదంతా ఇంగ్లండు సంగతి. మన దేశంలోనైతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం ఉండొచ్చనీ, అందులో 150 మందికి చోటుండాలనీ అంటుంది. ఆశ్రమాల నిర్వహణ ప్రమాణాలను రాష్ట్రాలకు వదిలేసింది. వృద్ధాశ్రమాలన్నిటికీ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేసే సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. చట్టం కాకుండానే 17వ లోక్‌సభ గడువు ముగిసి 2024లో ఆ బిల్లు మురిగిపోయింది.