ఓరుగల్లా, బీదరా?

మొన్న మా బావమరిది కొండపల్లి నుంచి దిగాడు. చేతిలో ఉన్నది శని, ఆదివారాలే. "చార్మినార్, గోల్కొండ చూసేశాను బావా, ఇంకేదైనా పాత ఊరు చూపించు" అన్నాడు. ధూల్‌పేట్‌లో మా ఇంటి నుంచి చూస్తే తూర్పు వైపు ఓరుగల్లు, పడమర వైపు బీదర్. కొంచెం అటూ ఇటూగా రెండూ నూట నలభై, నూట యాభై కిలోమీటర్లే. దూరం చూసి తేల్చే వీల్లేదు.

"అయితే ఓరుగల్లే. బీదర్ కర్ణాటక కదా, మనకేంటి సంబంధం?" అన్నాడు వాడు.

ఈ మాట ఆఫీసులో కూడా చాలాసార్లు విన్నాను. వీకెండ్ ట్రిప్ అనగానే వరంగల్, రామప్ప, లక్నవరం అంటారు తప్ప బీదర్ పేరెత్తేవాళ్ళు తక్కువ. ఆ సరిహద్దు గీత 1956లో పడింది. అంతకు ముందు రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. మనం దాబా కోసం ఆగే జహీరాబాద్ అప్పట్లో బీదర్ జిల్లాలోదే. ఆ ఏడాది జహీరాబాద్, నారాయణఖేడ్ ఇటు వచ్చాయి, బీదర్ అటు పోయింది. చరిత్ర కూడా ఆ గీత దగ్గరే ఆగిపోయిందని మనం అనుకున్నాం, అంతే.

ఇంకా వెనక్కి వెళ్తే బీదర్ కాకతీయుల సరిహద్దు కోట. రుద్రమదేవి దేవగిరి యాదవుల్ని అటువైపు తరిమింది. ఆ విజయం చెప్పే శాసనం ముక్క దొరికింది బీదర్ కోటలోనే. 1323లో ఢిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్ (తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఇతనే) ప్రతాపరుద్రుడి మీదికి వస్తూ ముందు బీదర్, తర్వాత బోధన్ పట్టుకుని, ఆ పైన ఓరుగల్లు ముట్టడించాడు. అంటే ఓరుగల్లు పతనం మొదలైంది బీదర్‌లో అన్నమాట.

తర్వాతి కథ తిరగబడుతుంది. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా 1425 ప్రాంతంలో ఓరుగల్లు గెలిచాడు. గుల్బర్గా నుంచి రాజధానిని బీదర్‌కి మార్చింది కూడా ఆయనే. ఒక ఊరు ఓడింది, ఇంకో ఊరు లేచింది, చేసిన మనిషి ఒకడే! బీదర్ పక్కన అష్టూర్‌లో ఆయన సమాధి ఉంది, లోపల రంగులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఉర్సు మొదలుపెట్టడానికి లింగాయతుల జంగమయ్య వస్తాడు. ఆ సుల్తానుని అల్లమప్రభు అవతారంగా కొలిచేవాళ్ళున్నారు. ఓరుగల్లుని ఓడించినవాడేనా ఈయన అనిపిస్తుంది అక్కడ నిలబడితే.

చూడటానికి ఏముంది అంటారా? ఓరుగల్లు కోటలో స్వయంభూ ఆలయం పోయింది, నాలుగు తోరణాలు మిగిలాయి. ఫోటోల్లో అందరం చూసినవే, అయినా ఎదురుగా చూస్తే మాట రాదు. గుడి లేని ద్వారాలు! హనుమకొండలో వేయి స్తంభాల గుడి 1163 నాటిది. 1213 నాటి రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, కాకపోతే వరంగల్ నుంచి ఇంకో అరవై డెబ్భై కిలోమీటర్లు. దానికే ఒక రోజు పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం రెండో ఆలోచన వద్దు, హాయిగా రైలెక్కి వరంగల్ వెళ్ళండి.

బీదర్‌లో కోట, రంగీన్ మహల్, అష్టూర్, భూమిలోపల నీళ్ళు పారే నౌబాద్ కరేజ్, బిద్రీ పని చేసే వీధి, అన్నీ దగ్గర దగ్గరే. బిద్రీ సామాను నల్లబడటానికి పాత కోటలోని మట్టే వాడతారు. అన్నిటికంటే నాకు ముఖ్యం మహమూద్ గవాన్ మదర్సా. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారానికి వచ్చి బహమనీలకి ప్రధానమంత్రి అయినవాడు కట్టించిన మూడంతస్తుల విశ్వవిద్యాలయం, 1472లో పూర్తయింది. ఉద్యోగం కోసం పరదేశం పోయి అక్కడే పైకొచ్చినవాడు, మనవాళ్ళకి అర్థమయ్యే మనిషే :-) పదిహేడో శతాబ్దం చివర్లో మందుగుండు పేలి సగం కూలింది. ఇప్పుడు ఒక్క మినారే ఉంది, దాని మీద నీలం పెంకులు ఇంకా అక్కడక్కడా మెరుస్తాయి.

మరి ధూల్‌పేట్‌కి ఏ ఊరు దగ్గర? మా ఇంటి దగ్గర్లోని పురానాపూల్ 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించింది. ఆయన నాన్న సుల్తాన్ కులీ బీదర్ కొలువులో పైకొచ్చి, తెలంగాణకి పాలకుడిగా ఇటు వచ్చినవాడు. బీదర్ బలహీనపడ్డాకే గోల్కొండ రాజ్యమైంది. గోల్కొండ నుంచి మూసీ దాటడానికి ఆ వంతెన, దాటాక హైదరాబాద్. నేను రోజూ బండి మీద దాటే పాత వంతెనకి మూలం బీదర్‌లో ఉందంటే చూడకుండా ఎలా?

ఇదంతా చెప్పినా మా వాడు సగమే కదిలాడు. "అయినా తోరణాలు తోరణాలే బావా" అన్నాడు. అది నిజమే, కాదనను.

అప్పుడు గవాన్ చావు గురించి చెప్పాను. దర్బారులో గిట్టనివాళ్ళు గవాన్ ముద్ర సంపాదించి, ఒడిశా గజపతిని దండెత్తి రమ్మంటూ దొంగ ఉత్తరం పుట్టించారు. సుల్తాన్ మూడో మహమ్మద్ షా విచారణ లేకుండా 1481లో తల తీయించాడు. గవాన్‌కి అప్పటికి డెబ్భై ఏళ్ళు దాటాయి. ఏడాది తిరక్కుండా సుల్తానూ పోయాడు, రాజ్యం ముక్కలవడం మొదలైంది.

"ఇదెక్కడ జరిగింది, బీదర్ కోటలోనా?"

"కాదు. సుల్తాన్ అప్పుడు ఆంధ్ర దండయాత్రలో ఉన్నాడు. మీ కొండపల్లిలో."

"మా కొండపల్లిలోనా! బొమ్మల గురించి తప్ప మాకెవరూ చెప్పలేదే" అన్నాడు. కాసేపు ఫోన్‌లో ఏదో వెతుక్కుని, శనివారం పొద్దున ఎన్నింటికి బయల్దేరదాం అని అడిగాడు. ఆరింటికి అన్నాను. ఓరుగల్లు సంక్రాంతికి.