'హూ' ఎక్కణ్ణుంచి వచ్చింది?

సంతోష్‌నగర్‌లో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా రెండు భాషలు చెవిన పడతాయి. ఒకరు "నిన్న వచ్చిన అబ్బాయి" అంటే, పక్కనే ఇంకొకరు "కల్ ఆయా సో లడ్కా" అంటారు. మాటలు వేరు, అల్లిక ఒక్కటే. ఉత్తరాది ఉర్దూలో అయితే "జో లడ్కా కల్ ఆయా" అని 'జో'తో ఎత్తుకుంటారు. ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీ మాత్రం శతాబ్దాలుగా తెలుగు, కన్నడాల పక్కన కాపురం చేసి, సంగతంతా ముందు చెప్పి మనిషిని చివర నిలబెట్టడం నేర్చుకుంది.

ఇంగ్లిష్ సంక్లిష్ట వాక్యం దగ్గర మన పిల్లలు తడబడేది ఇందుకే. "ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే లాస్ట్ హిజ్ బుక్" అనే వాక్యంలో ప్రధాన క్రియ ఏదంటే 'కేమ్' మీద వేలు పెడతారు. మన 'వచ్చిన' ధాతుజ విశేషణం, అది వాక్యాన్ని ముగించలేదు. ఇంగ్లిష్‌లో 'కేమ్', 'లాస్ట్' రెండూ పూర్తి క్రియలే. పైగా ఉపవాక్యం కర్తకూ దాని క్రియకూ మధ్యలో దూరి కూర్చుంటుంది.

ఆ 'హూ' కూడా ఉపవాక్యాన్ని కలిపే ఈ పనిలో మొదట్నుంచీ లేదు. అసలది ప్రశ్నించే మాట. ప్రాచీన ఇంగ్లిష్‌లో ఈ పనికి 'థె' అనే మార్పులేని మాట, 'ఆ' అని చూపించే మాటలు ఉండేవి. 'దట్' ఆ వంశానిదే. మధ్యయుగాల్లో 'విచ్', దాని వెనక 'హూ' వచ్చి చేరాయి. 1611 నాటి బైబిలు అనువాదంలో దేవుడి ప్రస్తావనలోనూ 'విచ్' కనిపిస్తుంది. వందేళ్లకు, 1711లో, రిచర్డ్ స్టీల్ లండన్ 'స్పెక్టేటర్' పత్రికలో 'హూ', 'విచ్' పేరిట ఒక అర్జీ అచ్చువేశాడు: 'దట్' తమ చోటు ఆక్రమించిందట! నిజానికి వెనకొచ్చినవి అర్జీదారులే.

ప్రధాన క్రియ దొరకాలంటే 'హూ' నుంచి ఉపవాక్యాన్ని చేత్తో మూసి చూడమని బళ్లో చెబుతారు. మంచి ఉపాయమే కానీ, "ద బుక్ ఐ బాట్ గాట్ టోర్న్" అన్నచోట మూయడానికి 'దట్' కనపడదు. అప్పుడు ఆ వాక్యాన్ని మన మాటలోకి తెచ్చుకోవాలి: నేను కొన్న పుస్తకం చిరిగిపోయింది. దక్కనీ పిల్లలకైతే 'మై లియా సో కితాబ్'. 'కొన్న'గా మారిపోయినది ఉపవాక్యం, చివర నిలిచిన 'చిరిగిపోయింది' ప్రధాన క్రియ.