పటము క్రింది వ్రాత – పాత విమానముల ఆనవాళ్లు

మన గ్రంథాలయమున వార్తాపత్రికలు పరచు బల్ల కెదురుగా గోడపై ఒక చిన్న విమానపు పటము వ్రేలాడుచుండుట చదువరు లందఱు నెఱిగినదే. గ్రంథాలయము వెలసిన తొలియేటనే నేను దానిని పాత వారపత్రిక యొకదాని నుండి కత్తిరించి, అద్దము కట్టించి తగిలించితిని. "1932లో జె. ఆర్. డి. టాటాగారు కరాచీ నుండి బొంబాయికి టపా తెచ్చిన విమానము" అని క్రింద నా చేతనే వ్రాసితిని. ఇరువదియేండ్లకు పైగా మన బాలబాలికలు ఆ వ్రాతను చదివి, నమ్మి, పాఠశాలలో వ్యాసములు కూడ వ్రాసిరి. ఆ వ్రాత తప్పు. ఈ రజతోత్సవ సంచికలో ఆ సంగతి విన్నవించుకొనుట నా విధియని తలంచితిని.

తప్పు పట్టినది నేను గాను. తొమ్మిదవ తరగతి చదువు బాలు డొకడు ఒక సాయంకాలము పటమును తదేకముగా చూచి, "తాతగారూ, విమానం వెనకాల అంబాసిడర్ కారుందే! అది అప్పటికే వచ్చిందాండీ?" అని యడిగెను. "అది వేరే కారులేరా, పోయి చదువుకో" అని కసరితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పదియేండ్లుగా లెక్కలు వ్రాయువాడను. ఒక్క అంకె పొసగనిచో ఆవర్జా యంతయు తిరుగవేయుట నా వృత్తి. పటము విషయములో ఆ పాటి శ్రద్ధ యేల చూపనైతిని?

మఱునాడు తలుపులు తెఱువక మునుపే పటమును దింపి భూతద్దము పట్టితిని. కారు అంబాసిడరే. అది మన దేశమున తయారగుట 1957 తరువాతి మాట. అట్లయిన ఫొటో 1932 నాటిది గాదు. పోనీ, విమానమైనను నాటిదేనా? హైదరాబాదులో ఉద్యోగము చేయు మా మేనల్లునికి వ్రాయగా, అతడు రెండు విమానముల పటములను పెద్దవిగా అచ్చు వేయించి పంపెను. ఒకటి పుస్‌మాత్, రెండవది లెపర్డ్‌మాత్. రెండును ఇంగ్లండులోని డి హావిలాండ్ కంపెనీవి. ఆ కంపెనీ యజమానికి రెక్కలపురుగులపై మక్కువ యెక్కువ. అందుచే తన చిన్న విమానములకు ఆ పురుగుల పేళ్లే పెట్టెను. రెంటికిని ముక్కున ఒకే ఇంజను, మొండెము మీద ఒకే జత రెక్కలు, లోపల ఇద్దఱు ముగ్గురు కూర్చుండు గది. దూరమునుండి చూచిన కవల పిల్లలే.

అయినను కవలలను కన్నతల్లి గుర్తుపట్టును గదా. పుస్‌మాత్ రెక్క ముందంచు బారుగా గీత గీసినట్లుండును. వెడల్పు మొదటినుండి చివరిదాక ఇంచుమించు ఒక్కటే. లెపర్డ్‌మాత్ రెక్క కొనకు పోవుకొలది సన్నగిలుచు, ముందంచు వెనుకకు వాలియుండును. చక్రమును మోయు పొడవైన కాలు పుస్‌మాత్‌లో నేరుగా రెక్క మొదటికి పోవును. లెపర్డ్‌మాత్‌లో ముందుకు, ఇంజను వెనుక గోడకు పోవును. మొదటిదాని మొండెము ఉక్కు గొట్టములపై గుడ్డ కప్పినది, రెండవదానిది ప్లైవుడ్డు. ఇది మాత్రము మాసిన ఫొటోలో అంతగా తెలియదు. మన పటమున రెక్క వాలియున్నది, కాలు ముందుకు పోయినది. అది లెపర్డ్‌మాత్. ఆ రకపు విమానము మొట్టమొదట ఎగిరినది 1933 మే 27న. టాటాగారి టపా ప్రయాణము 1932 అక్టోబరు 15న. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, పుట్టని విమానముచేత నేను ఉత్తరములు మోయించితిని!

మఱి పటములోనిది ఏమి? 1982 అక్టోబరు 15న, ఆ తొలి ప్రయాణమునకు ఏబదియేండ్లు నిండిన నాడు, టాటాగారు తమ డెబ్బదియెనిమిదవ యేట ఒంటరిగా మరల కరాచీ నుండి బొంబాయికి ఎగిరివచ్చిరి. అప్పుడు నడిపినది లెపర్డ్‌మాత్. దాని గుర్తు వి.టి. – ఏ.కె.హెచ్. నా కత్తిరింపు ఆ నాటిది. మనిషి యొక్కడే, మార్గ మొక్కటే, తేది యొక్కటే. విమానములు చూపునకు ఒక్కతీరు. పొరపాటునకు ఇంతకన్న ఏమి కావలెను?

1932 నాటి పుస్‌మాత్ గుర్తు వి.టి. – ఏ.డి.యన్. ఈ అక్షరములు వరుసగా ఇచ్చుచు వచ్చినవి గనుక, రశీదు పుస్తకములోని నంబరువలె ఏది ముందో ఏది వెనుకో చెప్పును. వి.టి. యనగా "వైస్రాయి రాజ్యము" అని పలువురు చెప్పుదురు. అది ఊళ్ల పేళ్లకు కథలల్లు పద్ధతియే. 1927లో వాషింగ్టనున జరిగిన అంతర్జాతీయ రేడియో మహాసభలో దేశములకు అక్షరములు పంచగా, నాటి ఇండియాకు వి.టి.ఏ. మొదలు వి.డబ్ల్యు.జెడ్. వఱకు వచ్చినవి. అందు మొదటి రెండక్షరములే ఇవి.

ఆ 1932 ప్రయాణము మనకును సంబంధించినదే. అహమ్మదాబాదులో ఎడ్లబండిపై తెచ్చిన పెట్రోలు డబ్బాలతో కడుపు నింపుకొని పుస్‌మాత్ బొంబాయి జుహూలో దిగెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంట్ అను దొర టపాను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చెను. బళ్ళారి అప్పటికి మద్రాసు రాజధానిలోనిది. తెలుగువారు విరివిగా నివసించు పట్టణము. మన భాషవారి గడ్డపై దిగిన తొలి టాటా టపా అది. దానికి వేఱొక విమానపు ముఖము తగిలించితినే యను నొప్పి నాకింకను తీఱలేదు.

నాకన్న పెద్దవారును ఇట్లే మోసపోయిరి. గుస్తావ్ వైట్‌హెడ్ అను జర్మను వలసదారుడు అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమున 1901 ఆగస్టు 14న ఇంజను విమానముపై ఎగిరెనని ఒక స్థానిక వారపత్రిక వ్రాసెను. ఫొటో లేదు, చేతితో గీసిన బొమ్మ మాత్రమే. 1906 జనవరిలో న్యూయార్కున విమానముల ప్రదర్శన జరుగగా, వైట్‌హెడ్ యంత్రపు మసక ఫొటో ఒకటి అచ్చట నుండెనని ఒక విజ్ఞాన పత్రిక వ్రాసెను. ఆ ప్రదర్శన గోడకు తీసిన ఫొటో యొకటి నేటికిని మిగిలియున్నది. 2013లో ఒక పరిశోధకుడు ఆ గోడపై తగిలించిన పటములలో ఒక మసక మచ్చను అనేక రెట్లు పెంచి, "ఇదే వైట్‌హెడ్ ఎగురుచున్న ఫొటో" యని ప్రకటించెను. విమానములకు పంచాంగమువంటి "జేన్స్" సంపుటము సంపాదకుడు దానితో ఏకీభవించి ముందుమాట వ్రాసెను. కనెక్టికట్ శాసనసభ ఆ యేడే రైట్ సోదరులను ప్రక్కకు నెట్టి వైట్‌హెడ్‌కు గౌరవమిచ్చుచు చట్టము చేసెను. మసక మచ్చ ఎంతదూరము నడిచినదో చూడుడు!

పిమ్మట క్యారల్ గ్రే అను చరిత్రకారుడు ఆ మచ్చకు అసలు ఫొటోను వెదకి పట్టెను. అది జాన్ మాంట్‌గోమరీ చేసిన గ్లైడరు. 1905 మే నెలలో కాలిఫోర్నియాలోని ఓక్లండులో ఒక ఉద్యానమున వ్రేలాడదీసి జనులకు చూపినది. అనగా ఇంజనులేదు, ఎగురుటయు లేదు. 2015లో జేన్స్ ప్రచురణకర్తలు ఆ ముందుమాట సంపాదకుని సొంత అభిప్రాయమే కాని తమది గాదని చెప్పుకొనిరి. వైట్‌హెడ్‌ను తూలనాడుట నా యుద్దేశము గాదు. ఆ ఫొటో మాత్రము అతని పక్షమున సాక్ష్యము చెప్పదు.

1903 డిసెంబరు 17 నాటి రైట్ సోదరుల ఫొటోను దీనితో పోల్చి చూడవలెను. సముద్రతీరమున ప్రాణరక్షణ దళములో పనిచేయు జాన్ డేనియల్స్ కెమెరా మీట నొక్కెను. అంతకు ముందు అతడు కెమెరా ముట్టి యెఱుగడు! పండ్రెండు సెకండ్లు, నూట యిరువది అడుగులు. ఆర్విల్ బోర్లపడుకొని యున్నాడు. పైకి క్రిందికి మలుపు చిన్న రెక్కలు ముందుభాగమున నున్నవి. విమానము జారివచ్చిన పట్టా నేలపై కనబడును. విల్బర్ కుడిప్రక్కన నిలిచియున్నాడు. ఇందులో ప్రతి వస్తువును వారి దినచర్య పుస్తకముతో, వారి ఉత్తరములతో చిట్టాకు ఆవర్జావలె సరిపోవును. సరిపోవుటయే గాదు, తరువాతి రైట్ విమానములలో నడుపువాడు కూర్చుండును గనుక, పడుకొనియున్న ఆ మనిషియే యది తొలినాటి యంత్రమని చెప్పుచున్నాడు.

సి. పి. బ్రౌను దొర మన కావ్యములకు ఒక్క ప్రతిని నమ్మక, పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, పండితులకు జీతములిచ్చి పాఠములు సరిచూపించెను. ఫొటోకును అదే న్యాయము. క్రింది వ్రాత లేఖకునిది. బొమ్మ మాత్రము మూలగ్రంథము. నేను లేఖకుని నమ్మి మూలమును చదువనైతిని. చిత్రమేమనగా, ఆ లేఖకుడను నేనే!

పటమును తీసివేయుదమా యని కార్యవర్గములో చర్చ వచ్చినది. లెక్కలలో తప్పు పడిన అంకెను గోకివేయరాదు. అడ్డగీత గీసి, సరియైనది పైన వ్రాసి, ప్రక్కన చేవ్రాలు చేయవలెను. అట్లే చేసితిని. పాత వ్రాత చదువుటకు వీలుగానే యున్నది. క్రొత్త చీటీపై 1982, లెపర్డ్‌మాత్ అని వ్రాసి, తప్పు పట్టిన బాలుని చేతనే దాని క్రింద చేవ్రాలు చేయించితిని. దాని ప్రక్కన మేకు ఒకటి ఖాళీగా నున్నది. 1932 నాటి పుస్‌మాత్ పటము ఏ చదువరి యింటనైన పాత పత్రికలలో దొరకినచో తెచ్చియిచ్చినయెడల అద్దము నేను కట్టించెదను. క్రింది వ్రాత మాత్రము, ఆ బాలుడు చూచిన పిమ్మటనే వ్రాసెదను.