మత్తుమందు - ముక్కులోని నెత్తురు

ముక్కు చుట్టునున్న ఎముకలలోని గాలిగదులకు ఒకవంక కన్ను, మరొకవంక మెదడు పొరుగు. అచ్చట శస్త్రము నడపువానికి నెత్తురు చూపునకడ్డమైనచో ముప్పు.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చెను. త్వరలోనే ఆ మందు ముక్కునకును వాడబడెను. అది నొప్పిని పోగొట్టుటయే గాక రక్తనాళములను ముడుచుకొనజేయును. అందుచే నెత్తురు తక్కువగా కారును. కాని అది విషము, వ్యసనకారి. 1901లో తకమినె అడ్రినలిన్‌ను వేరుచేయగా, జర్మను వైద్యుడు హైన్రిక్ బ్రౌన్ దానిని కలిపి, కొద్దిమందుతోనే పని జరుగునట్లు చేసెను.

1956లో వాడుకకు వచ్చిన హాలోథేన్ రోగిని సుఖముగా నిద్రపుచ్చెను. అయితే అది రక్తనాళములను వ్యాకోచింపజేయును. అడ్రినలిన్ తోడైనచో గుండె లయ తప్పవచ్చును.

1980 దశకమున సన్నని ఎండోస్కోపుతో శస్త్రచికిత్స వ్యాపించెను. దాని కటకమును మూయుటకు ఒక్క నెత్తుటిచుక్క చాలును! 1986లో సిరలోనికెక్కించు ప్రొపొఫాల్ వచ్చెను. దానిని రెమిఫెంటనిల్‌తో కూర్చి ఇచ్చినచో, గుండె వేగము తగ్గి, పీల్చెడి మందులకంటె లోపలిభాగము తేటగా కనబడునని పలు పరిశోధనలు సూచించినవి.

అట్లని రక్తపుపోటును మితిమీరి తగ్గించరాదు. మెదడునకు రక్తము చాలదు. నెత్తురును అదుపుచేయుటలో శస్త్రవైద్యుని చేతికెంత పాత్ర గలదో, మత్తువైద్యుని ఎన్నికకును అంత గలదు.