హయా గారి తెర

నిరుడు ఆసిఫాబాదులో ఒక బాలికల పాఠశాల వార్షికోత్సవమునకై ఏకపాత్రాభినయమొకటి సిద్ధపరచు పని మాకు తటస్థించెను. పాత్ర హైదరాబాదు సంస్కర్తయగు సుగ్రా హుమాయూన్ మీర్జా బేగము. అభినయింపవలసిన బాలిక బురఖాతో బడికి వచ్చి, లోపల దానిని మడిచి సంచిలో నుంచుకొనునది. ఆ పిల్ల మమ్మడిగెను: “సార్, ఆమె పర్దా తీసినకాడ నేను గూడ బుర్ఖా తియ్యాల్నా? మా అబ్బా ముందు వరుసల్నే కూసుంటరు.”

మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. ఆ చరిత్రను మరల తిరుగవేసితిమి.

బేగముగారు 1884లో జన్మించిరి. తండ్రి సఫ్దర్ అలీ మీర్జా నిజాము సైన్యమున వైద్యుడు. భర్త బారిష్టరు. ఆనాడు ఘోషా మహమ్మదీయుల యింటనే యుండెననుకొనుట పొరపాటు; మన తెలంగాణపు గడీలలోని దొరసానుల మేనాలకును తెరలుండెడివి. స్త్రీవిద్యకై పాటుపడుచు వారు ఉర్దూలో నవలలు వ్రాసిరి, ‘అన్నిసా’ యను స్త్రీల పత్రికను నడపిరి, స్త్రీల సంఘమును పెంచిరి. హైదరాబాదున పరదా విడిచి సభలలో నిలిచి మాటాడిన తొలి ముస్లిము వనితలలో వారొకరు. ఐరోపా తిరిగివచ్చి యాత్రాగ్రంథమును వ్రాసిరి. 1934లో బాలికలకై పాఠశాలను స్థాపించిరి.

ఇంతవరకు అందరును చెప్పుకొనునదే. మమ్ము నిలిపివేసినది వేరొకటి. బేగముగారి కవితానామము ‘హయా’. ఆ మాటకు లజ్జ యని యర్థము. పరదా తీసిన యామె ఆ పేరు తీసివేయలేదు! పాఠశాలకు తండ్రి పేరిట ‘సఫ్దరియా’ యని పేరిడిరి. దాని పోషణమునకు ఆస్తిని వక్ఫు చేసిరి. వక్ఫనగా ధర్మకార్యములకై ముస్లిములు తరతరములుగా అనుసరించుచున్న పద్ధతియే. పాత్ర పాతది, అందు వండినది క్రొత్తది. మన సంస్కర్తలలో పెక్కురు దీనిని గమనింపరు. ముఖము కనబడగనే పాతదంతయు తొలగెనని కొందరు సంతోషింతురు. అందుకే మరికొందరు విలపింతురు. ఇరువురును బట్టనే చూచిరి గాని మనిషిని చూడలేదు.

అయిన నొకమాట. ఆమెకు బారిష్టరు భర్తయు, ధనమును, స్వంత పత్రికయు నుండెను. మా యూరి బజారులో కుట్టుపనిచే జీవించు నింటి బిడ్డకు అవి యేవి? 1960లో మాసుమా బేగముగారు ఆంధ్రప్రదేశమున మంత్రిణియైరని చెప్పి ఈ పిల్లను తొందరపెట్టుట సులభము. రేపు ఇరుగుపొరుగు వారికి బదులు చెప్పుకొనవలసినది మేము కాము, ఆమె.

కావున తీయుమనలేదు, వలదనలేదు. ‘హయా’ కథ మాత్రము చెప్పితిమి.

ఉత్సవమునాడు ఆ పిల్ల వేదికపై నల్లని తెరయొకటి కట్టించెను. మొదటి మాటలు దాని వెనుకనుండి పలికెను. పిదప బురఖాతోనే తెర దాటి దీపము వెలుతురులోనికి వచ్చి, ముసుగు మాత్రము పైకెత్తి, ముందు వరుసవైపు చూచుచు, “నా పేరు హయా” యని మొదలుపెట్టెను.