యాహూ దగ్గర అన్నీ ఉన్నాయి, ఒక్క గుణకారం తప్ప

మొన్న ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతుంటే మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు, "అన్నా, యాహూ అంటే పాతకాలం మెయిల్ కంపెనీయే కదా?" అని. నవ్వొచ్చింది, కాస్త దిగులు కూడా వేసింది. వాడు పుట్టింది 2003లో. సరిగ్గా ఆ ఏడాదే యాహూ 163 కోట్ల డాలర్లు పోసి, అప్పటికి ఇంటర్నెట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి డబ్బుల చెట్టును కొనుక్కుంది. ఆ చెట్టు యాహూ పెరట్లో ఎందుకు ఎండిపోయిందో వాడికి చెబుతూ చెబుతూ నా టీ చల్లారిపోయింది. సగమే చెప్పగలిగాను. మొత్తం ఇక్కడ చెబుతాను.

గూగుల్ ఎందుకు గెలిచింది అని ఎవర్నడిగినా ఒకటే సమాధానం. వాళ్ళ సెర్చి బాగుంది, అందుకని. నిజమే గానీ సగం నిజం. బాగా వెతికిపెడితే జనం వస్తారు, డబ్బు దానంతటదే రాదు. 2000 జూన్‌లో యాహూ తన సైట్లో వెతకడానికి గూగుల్ సెర్చినే తెచ్చి పెట్టుకుంది. 2004 ఫిబ్రవరి దాకా అదే నడిచింది. అంటే మూడున్నరేళ్ళకు పైగా రెండు హోటళ్ళలోనూ ఒకే వంటవాడు! తేడా అంతా గల్లాపెట్టె దగ్గర వచ్చింది.

ఆ గల్లాపెట్టెని కనిపెట్టినవాడు గూగుల్ మనిషీ కాదు, యాహూ మనిషీ కాదు. పేరు బిల్ గ్రాస్. కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఐడియాల్యాబ్ అని పెట్టి, అందులోంచి కంపెనీల మీద కంపెనీలు పుట్టించేవాడు. 1998లో గోటూ డాట్ కామ్ అని ఒక సెర్చి సైటు మొదలెట్టాడు. అందులో పైన కనిపించాలంటే వేలంపాట పాడాలి. ఎవరెక్కువ పాడితే వాళ్ళు పైన. జనం చూసినందుకు డబ్బు కట్టక్కర్లేదు, నొక్కితేనే కట్టాలి. పైగా ఒక్కో ఫలితం పక్కనే ఆ వ్యాపారి ఎంత ఇస్తున్నాడో సెంట్లతో సహా వేసేవాళ్ళు. ఆ నిజాయితీ నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది. అప్పట్లో మాత్రం చాలామంది మొహం చిట్లించారు. డబ్బిచ్చినవాడు పైకొస్తే అది సెర్చి ఎలా అవుతుందని.

చిట్లించిన వాళ్ళలో స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ళిద్దరూ ఉన్నారు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో రాసిన పరిశోధనా పత్రానికి ఒక అనుబంధం ఉంది. యాడ్ల మీద బతికే సెర్చి ఇంజన్లు సహజంగానే ప్రకటన ఇచ్చేవాడి వైపు మొగ్గుతాయని అందులో వాళ్ళే రాశారు. ఎవరికైనా తీరిక ఉంటే వెతికి చదవండి. ఏంలో వెతుకుతారో నేను చెప్పక్కర్లేదనుకుంటా :)

గోటూ కాస్తా 2001లో పేరు మార్చుకుని ఓవర్చూర్ అయింది. యాహూ, ఎమ్మెస్సెన్ లాంటి పెద్ద సైట్లు దాని యాడ్లని తమ పేజీల్లో పెట్టుకుని వాటా పంచుకునేవి. గూగుల్ 2000 అక్టోబర్లో యాడ్‌వర్డ్స్ తెచ్చింది గానీ, మొదట్లో అది పాతపద్ధతే, ఇన్ని వేలసార్లు చూపిస్తే ఇంత అని. 2002 ఫిబ్రవరిలో వాళ్ళూ క్లిక్కుల వేలానికి దిగారు. కానీ అలాగే దించలేదు. అక్కడే ఉంది కిటుకంతా.

ఆ కిటుకు నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను అది తెలియక దెబ్బతిన్నాను. 2005లో అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఇళ్ళు, ప్లాట్ల ప్రకటనల సైటు. డబ్బు కట్టినవాళ్ళని పైన చూపించే కోడు నేనే రాశాను. ఒకటే లైను, ఆర్డర్ బై రేటు డిసెండింగ్. శుభ్రంగా పనిచేసింది. ఒకాయన అందరికంటే ఎక్కువ కట్టాడు. ఆయనకి షాద్‌నగర్ దగ్గర ప్లాట్లున్నాయి. ఇంక ఆ రోజు నుంచి మియాపూర్‌లో అద్దె ఇల్లు అని కొట్టినా షాద్‌నగర్ ప్లాట్లే, కూకట్‌పల్లిలో టూ బెడ్రూమ్ అని కొట్టినా షాద్‌నగర్ ప్లాట్లే. జనం ఆ పైపెట్టెని చూడటమే మానేశారు. దాంతో కింద ఉన్న మంచి ప్రకటనలకీ క్లిక్కులు రాక, వాళ్ళెవరూ రెన్యూ చెయ్యలేదు. ఏడాది తిరక్కుండా సైటు మూతపడింది. అంతా నా ఒక్క లైను వల్లేనని చెప్పను గానీ, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

గూగుల్‌లో సలార్ కమాంగర్, ఎరిక్ వీచ్ అనే ఇద్దరు తయారుచేసిన పద్ధతిలో, పాడిన రేటుని క్లిక్కుల శాతంతో గుణిస్తారు. ఆ లబ్ధం ఎవరిది ఎక్కువైతే వాళ్ళు పైన. అంతే.

ఒక లెక్క వేద్దాం. రామారావు క్లిక్కుకి 40 రూపాయలు పాడాడు, వందమందికి చూపిస్తే ఒక్కడు నొక్కుతాడు. సుబ్బారావు 15 పాడాడు, ఆరుగురు నొక్కుతారు. ఓవర్చూర్ పద్ధతిలో రామారావు పైన. కానీ రేట్లు బయటికే కనిపిస్తున్నాయి కదా, రామారావు పిచ్చోడు కాదు. కింద ఉన్నది 15 అని చూసి తన పాటని 15 మీద ఒక పైసాకి దించేస్తాడు. వందమందికి చూపిస్తే ఓవర్చూర్‌కి ఆ పైచోటు మీద వచ్చేది 15 రూపాయలు. ఈ పెంచడం దించడం కోసం జనం రాత్రింబవళ్ళూ ప్రోగ్రాములు పెట్టి నడిపించేవాళ్ళు.

గూగుల్ పద్ధతిలో రామారావుది 40, సుబ్బారావుది 90. సుబ్బారావు పైన. అయినా పాడిన 15 మొత్తం కట్టక్కర్లేదు, కిందివాణ్ణి దాటడానికి ఎంత అవసరమో అంతే కట్టాలి. 40ని ఆరుతో భాగిస్తే 6 రూపాయల 67 పైసలు. ఆరు క్లిక్కులకి కలిపి గూగుల్‌కి వచ్చేది 40 రూపాయలు. అక్కడ 15, ఇక్కడ 40! సుబ్బారావుకి తక్కువ రేటుకి ఆరుగురు బేరగాళ్ళు. వెతికినవాడికి పనికొచ్చే ప్రకటన, కాబట్టి రేపు మళ్ళీ నొక్కుతాడు. ముగ్గురూ సంతోషమే, రామారావు తప్ప. నా షాద్‌నగర్ ఆయన ఈ పద్ధతిలో అయితే రెండో రోజే కిందికి జారిపోయేవాడు.

2002 మే నెలలో ఏఓఎల్ ఓవర్చూర్‌ని వదిలి గూగుల్‌కి మారింది. దానికి కొద్దిరోజుల ముందే, ఏప్రిల్లో, వేలం పద్ధతి మీద తమకి పేటెంటు ఉందని ఓవర్చూర్ గూగుల్ మీద దావా వేసింది.

ఇప్పుడు 2003లో యాహూ పెరడు చూడండి. ఇంక్‌టోమీ సెర్చి ఇంజన్ని కొన్నారు. తర్వాత ఓవర్చూర్‌ని కొన్నారు. ఆ ఓవర్చూర్ అప్పటికే ఆల్టావిస్టానీ ఆల్‌దవెబ్‌నీ కొనేసి ఉంది, కాబట్టి అవీ వచ్చాయి. అంటే మూడు సెర్చి ఇంజన్లు, వేలం మిషను, దాని పేటెంటు, గూగుల్ మీద నడుస్తున్న కేసు, కోట్ల మంది మెయిలు ఖాతాలు. పెళ్ళికి కావలసిన సరంజామా మొత్తం వచ్చేసింది. ముహూర్తమే మిగిలింది.

2004 ఆగస్టులో గూగుల్ షేర్లు మార్కెట్‌కి రావడానికి పది రోజుల ముందు ఆ కేసు రాజీ అయింది. గూగుల్ 27 లక్షల షేర్లు యాహూకి ఇచ్చింది. 85 డాలర్ల ఇష్యూ ధర లెక్కన సుమారు 23 కోట్ల డాలర్లు. దానికి బదులు గూగుల్‌కి ఆ పేటెంటు శాశ్వతంగా వాడుకునే హక్కు దొరికింది. యాహూ వాళ్ళు తమ దగ్గరున్న ఒకే ఒక్క కత్తిని మంచి రేటుకి శత్రువుకే అమ్మేశారు. ఆ రోజు ఇరువైపులా లాభసాటి బేరంలాగే కనిపించి ఉంటుంది.

మరి ఆ గుణకారం? అది రహస్యమేం కాదు. గూగుల్ తన సహాయం పేజీల్లోనే రాసిపెట్టింది. అయినా యాహూ 2007 ఫిబ్రవరి దాకా రేటు ప్రకారమే వరస పెడుతూ కూర్చుంది. ఓవర్చూర్ కొన్న మూడున్నరేళ్ళకి! పనామా అని పేరుపెట్టి కొత్త మిషను కడుతున్నాం అన్నారు. 2006 జూలైలో అది ఆలస్యమవుతుందని చెప్పగానే యాహూ షేరు ఒక్కరోజులో ఐదోవంతు పైగా పడిపోయింది. బయటినుంచి చూసేవాళ్ళకి ఇది సోమరితనంలా ఉంటుంది. పాత కోడు మోసినవాళ్ళకి అర్థమవుతుంది. నెలనెలా కోట్లు కురిపిస్తున్న మిషనుని విప్పదీసి బిగించే ధైర్యం ఎవరికుంటుంది? ఈలోపు వాళ్ళని వీళ్ళకి అమ్మడం, వీళ్ళని వాళ్ళకి కొనడం మాత్రం ఆగదు. కొనడం మేనేజర్ల పని, కలపడం ఇంజినీర్ల పని. మొదటిదానికి పత్రికల్లో ఫొటో వేస్తారు.

ఇక 2007. సెర్చి పేజీ మీద యుద్ధం అయిపోయింది, మిగతా ఇంటర్నెట్ మీద మొదలైంది. వార్తల సైట్లు, క్రికెట్ సైట్లు, వంటల సైట్లు, వీటన్నిటిలో యాడ్ ఎవరు పెట్టాలి? ఆ పనికి డబుల్‌క్లిక్ అని న్యూయార్క్ కంపెనీ ఒకటుండేది, 1996 నాటిది. ఒక పేజీ తెరుచుకునేలోపు ఏ యాడ్ చూపించాలో నిర్ణయించి, ఎన్నిసార్లు చూపించారో లెక్కపెట్టడం దాని పని. ఏప్రిల్లో గూగుల్ దాన్ని 310 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుంది. అదే నెల యాహూ రైట్ మీడియాలో మిగతా వాటాకి 68 కోట్లు పెట్టింది. మే నెలలో మైక్రోసాఫ్ట్ ఎక్వాంటివ్ అనే కంపెనీకి దాదాపు 600 కోట్లు గుమ్మరించింది. సంతలో ఎద్దులు అయిపోతున్నాయంటే ఎగబడ్డట్టు. ఆ 600 కోట్ల సంగతి ఏమైందంటే, 2012లో మైక్రోసాఫ్ట్ 620 కోట్లు నష్టం కింద రాసేసుకుంది.

డబుల్‌క్లిక్ ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే నాకు మా వైపు మార్కెట్ యార్డే గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా నాన్నతో మిరపకాయల టిక్కీలు వేసుకుని వెళ్ళేవాణ్ణి. రైతు తరఫున కమీషన్ దుకాణం ఆయన, కొనడానికి వ్యాపారి, పాట పాడించేవాడు, కాటా వేసేవాడు, అందరూ వేర్వేరు మనుషులు. అయినా మా నాన్న కళ్ళు కాటా మీంచి కదిలేవి కాదు. ఇప్పుడు ఆ నలుగురూ ఒకడే అనుకోండి. సైటు వాడి తరఫున చోటు అమ్మేది డబుల్‌క్లిక్ సర్వరు. యాడ్లు కొనేవాళ్ళు చాలామంది గూగుల్ దగ్గరే ఉన్నారు. తర్వాత 2009లో మధ్యలో వేలం నడిపే ఎక్స్ఛేంజీ కూడా గూగుల్ పెట్టింది. కాటా కూడా వాళ్ళదే.

చిన్న సైట్ల వాళ్ళకి ఇంకో మార్గం లేదా అంటే, గూగుల్ 2003లో తెచ్చిన యాడ్‌సెన్స్ ఉంది, అదీ వాళ్ళదే. తెలుగు పేజీలకి అది 2018 దాకా రాలేదు. పదిహేనేళ్ళు మనం ఆ యార్డు గేటు బయటే నిలబడ్డాం. అందుకే కాబోలు చాలాకాలం తెలుగులో డబ్బాశ లేకుండా రాశారు!

డబుల్‌క్లిక్ కొనుగోలుకి మైక్రోసాఫ్ట్ అడ్డంపడింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2007 డిసెంబర్లో నలుగురు ఒక వైపు, ఒకరు ఒక వైపుగా ఒప్పుకుంది. ఆ ఒక్కరు పమేలా జోన్స్ హార్బర్. రెండు కంపెనీల సమాచారం ఒకచోట చేరితే ఏమవుతుందో ఆవిడ అప్పుడే రాసిపెట్టింది. 2008 మార్చిలో యూరప్ కూడా సరేనంది.

జనం ఇదేం పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికే పెద్ద సినిమా రిలీజయింది. 2008 ఫిబ్రవరి 1న మైక్రోసాఫ్ట్ యాహూని 4460 కోట్ల డాలర్లకి కొంటానంది. షేరుకి 31 డాలర్లు, ముందురోజు ధర మీద 62 శాతం ఎక్కువ. జెర్రీ యాంగ్ చాలదన్నాడు. 33కి పెంచారు, యాహూ 37 అడిగింది, మే 3న మైక్రోసాఫ్ట్ లేచి వెళ్ళిపోయింది. ఆ మూడు నెలలూ మా ఆఫీసులో సగం పని ఆగిపోయింది, అందరూ ఆ వార్తలే. జూన్‌లో యాహూ పరుగెత్తి గూగుల్‌తో యాడ్ల ఒప్పందం చేసుకుంటే, కేసు వేస్తామని అమెరికా న్యాయశాఖ బెదిరించింది, నవంబర్లో గూగుల్ తప్పుకుంది. గోల చేసిన బేరాన్ని ఆపారు, సడి చెయ్యని బేరం అప్పటికే దాటిపోయింది.

చివరికి 2009 జూలైలో యాహూ తన సెర్చిని పదేళ్ళకి బింగ్ చేతిలో పెట్టింది. అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో సెర్చి ఇంజినీరింగ్ చూస్తున్నది మన హైదరాబాద్ పబ్లిక్ స్కూలు సత్య నాదెళ్ళ. యాహూలో సెర్చి, యాడ్ల ఇంజినీరింగ్‌కి పెద్దగా ఉన్న చీ లూ కూడా ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్‌కి వచ్చేశాడు. ఇద్దరు గట్టి ఇంజినీర్లు, బోలెడు డబ్బు, అయినా గూగుల్ కదల్లేదు. 2023 అక్టోబర్లో నాదెళ్ళ వాషింగ్టన్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఫోన్లో ముందే పెట్టి ఇచ్చిన సెర్చిని ఎవరైనా మార్చుకోవచ్చు కదా అనే మాట ఒట్టిదేనని. ఆపిల్ ఫోన్లలో ఆ చోటు కోసం గూగుల్ ఒక్క 2022లోనే 2000 కోట్ల డాలర్లు ఇచ్చిందని ఆ కేసులోనే బయటికొచ్చింది. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా సెర్చిలో గూగుల్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమని తేల్చాడు. 2025 సెప్టెంబర్లో మాత్రం క్రోమ్ అమ్మక్కర్లేదన్నాడు. యాహూ వ్యాపారం అప్పటికి ఎప్పుడో, 2017లో, 448 కోట్లకి వెరిజాన్‌కి పోయింది. వద్దన్న ధరలో పదోవంతు.

నాకు ఎక్కువ కలుక్కుమన్నది రెండో తీర్పు. 2025 ఏప్రిల్లో వర్జీనియాలో జడ్జి లియోనీ బ్రింకెమా, సైట్ల తరఫు యాడ్ సర్వర్లలోనూ ఎక్స్ఛేంజీలోనూ గూగుల్ చట్టం తప్పిందని చెప్పింది. అంటే యార్డులో కమీషన్ దుకాణం, పాట, రెండూ. కానీ డబుల్‌క్లిక్‌ని కొనడం దానికదే పోటీకి హాని చేసిందని ప్రభుత్వం నిరూపించలేకపోయిందని అదే తీర్పులో ఉంది.

టీ సంగతి చెప్పాను కదా. ఆ సాయంత్రం మా కుర్రాడు ఒక క్లయింటు పేజీలో యాడ్ కోడు అతికిస్తూ నన్ను పిలిచాడు. బ్రౌజరు పిలుస్తున్న అడ్రసుల్లో డబుల్‌క్లిక్ డాట్ నెట్ అని కనబడింది.

"అన్నా, ఇదెవరు?" అన్నాడు.