గృహహింస – స్త్రీల మానసిక ఆరోగ్యం

కుటుంబ బంధంతో ఒకే ఇంట్లో కలిసి బతికే భర్తో, భాగస్వామో, బంధువులో స్త్రీపై సాగించే హింస గృహహింస. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన 2005 నాటి గృహహింస చట్టం కొట్టడంతో పాటు లైంగిక హింసను, తిట్లను, అవమానాలను, ఖర్చులకు డబ్బివ్వకుండా వేధించడాన్ని కూడా ఇందులో చేర్చింది. ఒంటి మీద దెబ్బ పడని ఇళ్లలోనూ మనసు జబ్బుపడుతుంది కాబట్టి ఈ విస్తృతి అవసరమే.

హింసకు గురైన స్త్రీలలో ప్రధానంగా కనిపించేవి కుంగుబాటు, ఆందోళన, నిద్రలేమి. భర్త లేదా భాగస్వామి హింసకు గురైన స్త్రీలలో కుంగుబాటు దాదాపు రెట్టింపు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదిక తేల్చింది. ఆత్మహత్యా ప్రయత్నాలూ వీరిలో ఎక్కువే. ఏళ్ల తరబడి భయంలో బతికినవారు భర్త బండి చప్పుడు వినపడగానే బిగుసుకుపోతారు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడతారు, జరిగినదే పీడకలగా మళ్లీ మళ్లీ చూస్తారు. దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. దీర్ఘకాలం తప్పించుకోలేని హింసలో ఉన్నవారికి తమ మీద తమకే ఏవగింపు కలుగుతుందనీ, ఎవరినీ నమ్మలేకపోతారనీ అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వివరించారు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం, పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో భర్త హింసను ఎప్పుడో ఒకప్పుడు చవిచూసినవారు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అంతకన్నా కలవరపెట్టేది మరొకటుంది. అత్తమామలను గౌరవించకపోవడం, ఇంటిని పట్టించుకోకపోవడం వంటి ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 84 శాతం. దెబ్బ తిన్నామె ‘నాదే తప్పేమో’ అనుకోవడానికి నేల ఇక్కడే సిద్ధమవుతోంది. పుట్టింటివాళ్లు ‘సర్దుకుపో’ అంటే ఆ అనుమానం నిశ్చయమవుతుంది.

ఇలాంటివారు మానసిక వైద్యుడి దగ్గరికి నేరుగా వెళ్లడం అరుదు. తలనొప్పి, గుండె దడ, నీరసం అంటూ మామూలు ఆసుపత్రికి వెళ్తారు. రక్తపరీక్షలో ఏమీ తేలదు, బలానికి మందులు రాసిస్తారు. పక్కనే భర్తో అత్తగారో కూర్చుంటే అసలు మాట బయటికి రాదు. అందుకే ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగడమే చికిత్సకు మొదటి మెట్టు. హింస ఆగకుండానే భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ ప్రమాదకరం: అక్కడ ఆమె చెప్పిన మాటకు ఇంటికెళ్లాక శిక్ష పడవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కు, హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రాలకు, మానసిక సహాయం అందించే టెలిమానస్ 14416కు ఆమె తానుగా ఫోన్ చేసుకోవచ్చు. ఫోను ఆమె చేతిలో ఉండే ఇళ్లలో మాత్రమే ఇది సాధ్యం.